విడాకుల నవలలో పసివాడి చోటు: 'ఆప్‌కా బంటీ' పరిశీలన

కీలకపదాలు: విడాకులు, కుటుంబం, దృష్టికోణం, మన్నూ భండారీ, ఓల్గా

విడాకులు ఇతివృత్తంగా వచ్చే కథల్లో తరచుగా రచయిత న్యాయమూర్తి స్థానంలో కూర్చుంటాడు. తప్పు భర్తదా, భార్యదా అన్న విచారణ పూర్తయి తీర్పు వెలువడగానే కథ ముగుస్తుంది. కుటుంబంపై విడాకుల ప్రభావం మొదలయ్యేది అక్కడే. బిడ్డ ఏ ఇంట్లో నిద్రపోవాలి, ఇంట్లోకి కొత్తగా వచ్చిన మనిషిని ఏమని పిలవాలి వంటి చిన్న ఏర్పాట్లలోనే అది కనిపిస్తుంది. వీటిని ఎంత నిశితంగా చిత్రిస్తే రచన అంత విశ్వసనీయమవుతుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన. మన్నూ భండారీ హిందీ నవల 'ఆప్‌కా బంటీ' (1971) ఇందుకు ఆధారం.

శకున్ కళాశాల ప్రిన్సిపాల్. భర్త అజయ్ కలకత్తాలో మీరాతో ఉంటున్నాడు. నవల ప్రారంభానికే దంపతులు విడిగా ఉన్నారు కనుక, కలహ దృశ్యాలతో పాఠకుణ్ణి ఆకట్టుకునే సులువైన మార్గాన్ని రచయిత్రి ముందే వదులుకున్నారు. విడాకుల ప్రస్తావన వకీల్ చాచా రూపంలో ఇంటికి వస్తుంది. బంటీకి ఆయన నాన్న కబురు తెచ్చే ఆత్మీయుడు. శకున్‌కు సంతకం అడగవచ్చిన మధ్యవర్తి. ఒకే మనిషి రాకకు తల్లి మనసులో ఒక అర్థం, బిడ్డ మనసులో మరొకటి.

శకున్ డాక్టర్ జోషిని పెళ్ళాడి ఆయన ఇంటికి మారుతుంది. బంటీకి తాను పెంచుకున్న తోట దూరమవుతుంది. ఇంటిపని చూస్తూ వాణ్ణి సాకిన ఫూఫీ హరిద్వారం వెళ్ళిపోతుంది. అమ్మ పక్కన తనకున్న చోటు కూడా ఇక తనది కాదు. జోషి దుర్మార్గుడు కాడు. ఆయన పిల్లలూ దుష్టులు కారు. సవతి తండ్రిని క్రూరుడిగా చిత్రిస్తే పాఠకుడికి కోపగించుకునే వీలు దొరికేది, దానితోపాటు ఊరటా దొరికేది. రచయిత్రి ఆ రెండూ ఇవ్వలేదు.

కథనం ప్రధానంగా బంటీ వెంట నడిచినా అక్కడక్కడ శకున్ అంతరంగంలోకి ప్రవేశిస్తుంది. ఈ ప్రవేశమే లేకుంటే నవల తల్లి పునర్వివాహంపై అభియోగపత్రంగా మారేది. అజయ్‌కి ఈ అవకాశం దక్కలేదు; ఆ పాత్ర పలుచగానే మిగిలింది.

తల్లి కొత్త ఇంట్లో ఇమడలేక కలకత్తా చేరిన బంటీ అక్కడా ఇమడలేదు. చివరకు హాస్టలుకు ప్రయాణమవుతాడు. మెలోడ్రామా అయితే బిడ్డను మృత్యుముఖానికైనా తీసుకువెళ్ళేది, తల్లిదండ్రులనైనా కలిపేది. ఇక్కడ హాస్టలు ఎవరూ విధించిన శిక్ష కాదు, పెద్దలు ఆలోచించి చేసిన ఏర్పాటు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్, సంతానం సంరక్షణ విషయంలో వీలైనంతవరకు వారి కోరికను అనుసరించాలంటుంది. బంటీ కోరిక అమ్మానాన్నలు ఒకచోట ఉండాలన్నదే. దాన్ని ఏ న్యాయస్థానమూ తీర్చజాలదు.

తెలుగులో ఓల్గా 'స్వేచ్ఛ' (1987)లో అరుణ కూతురిని భర్త దగ్గర వదిలి ఇల్లు దాటుతుంది. ఆ నవల ప్రశ్న స్త్రీ స్వేచ్ఛ. వెనుక మిగిలిన ఇంటిని చిత్రించలేదని తప్పుపట్టడం అనుచితం. పైగా మన సమాజంలో 'పిల్లల మొహం చూసైనా సర్దుకుపో' అన్న మాటే స్త్రీని కట్టిపడేసిన బలమైన తాడు. బిడ్డ దుఃఖాన్ని రాస్తే ఆ తాడుకు మరో పేట కలిపినట్లవుతుందన్న జంకు స్త్రీవాద రచనలో ఉండడం సహజం. అయితే బిడ్డ దుఃఖాన్ని తల్లి నేరంగా మార్చకుండానే రాయవచ్చని, శకున్ అంతరంగాన్ని తెరిచిన పుటలు నిరూపిస్తున్నాయి. 'స్వేచ్ఛ' తర్వాతి కథకులు అందుకోవలసిన కొస అది. అరుణ వెళ్ళిపోయిన రాత్రి ఆ పిల్ల ఎవరి పక్కన పడుకుందో ఆ పిల్ల వైపు నుంచి చెప్పే కథకు తెలుగులో ఇంకా చోటుంది.