నేతికుండల వెనుక వేదన: ఆదిపర్వంలో సంతానలేమి - పరిశీలన

వ్యాస సంగ్రహం: గాంధారి ప్రసవ కథను ప్రాచీన వైద్య సాంకేతికతకు నిదర్శనంగా చూపడం పరిపాటి అయింది. ఆ దృష్టి కథలోని మనోవేదనను మరుగుపరుస్తుందనీ, ఆదిపర్వం సంతానలేమిని దంపతుల మధ్య నడిచే అనుభవంగా చిత్రించిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆదిపర్వం, గాంధారి, పాండురాజు, కుంతి, మాద్రి, సంతానలేమి.

1. ప్రవేశిక

2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ అప్పటి ఉపకులపతి కౌరవులను టెస్ట్‌ట్యూబ్ శిశువులుగా పేర్కొన్నారు. ఆ మాటపై విస్తృతంగా చర్చ జరిగింది. అయితే చర్చ అంతా ఆ విజ్ఞానం నాడు ఉన్నదా లేదా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. నూటొక్క కుండలను లెక్కించిన వారు, ఆ కుండలు అవసరమైన స్థితికి చేరిన స్త్రీని పట్టించుకోలేదు. తెలుగు పాఠకులకు ఈ కథ నన్నయ ఆదిపర్వం ద్వారా సుపరిచితం. ఇక్కడి వివరాలకు మాత్రం వ్యాసమూలాన్ని ఆధారంగా గ్రహించాను.

2. గాంధారి: నిరీక్షణ, పోలిక

గాంధారిది వంధ్యత్వం కాదు, ఫలించని నిరీక్షణ. నూరుగురు కొడుకులు కలుగుతారన్న వరం ఉంది, గర్భమూ ఉంది, కాని రెండేళ్లయినా ప్రసవం లేదు. అంతలో కుంతికి కుమారుడు పుట్టాడన్న వార్త వస్తుంది. ఆమె దుఃఖంతో తన కడుపు తానే మోదుకుంటుంది. ఇనుపముద్ద వంటి మాంసపిండం బయటపడుతుంది. ఈ పని ఆమె ధృతరాష్ట్రునికి తెలియకుండా చేసిందని మూలం ప్రత్యేకంగా చెబుతుంది. ఈ చిన్న వివరమే ఘట్టానికి ప్రాణం. ఒకే ఇంట ఉన్న భర్తకు కూడా చెప్పుకోలేని ఒంటరితనం అది. వ్యాసుడు వచ్చి అడిగినప్పుడు మాత్రం ఆమె ఏదీ దాచదు. కుంతికి ముందుగా కొడుకు కలిగాడని విని ఇలా చేశానని ఒప్పుకుంటుంది. నేతికుండల ప్రస్తావన ఆ తరువాతనే వస్తుంది. ఆ కుండలు తెరవడానికి మరో రెండేళ్లు ఆగవలసి ఉంటుంది. అంటే ఉపాయం దొరికిన తరువాత కూడా నిరీక్షణ తప్పలేదు.

గాంధారి దుఃఖం వెనుక రాజ్యకాంక్ష ఉందన్న ఆక్షేపణ సమంజసమే. జ్యేష్ఠత్వం సింహాసనానికి సంబంధించినది. కాని వ్యాసుడు పిండాన్ని విభజిస్తున్నప్పుడు ఆమె మనసులో ఒక కూతురు కావాలని కోరుకుంటుంది. దుశ్శల పుట్టుకకు మూలమైన ఈ కోరికను వారసత్వ రాజకీయంతో మాత్రమే వివరించలేం.

3. పాండురాజు: లోపం భర్తది, దేహం భార్యది

తెలుగులో ‘గొడ్రాలు’ అన్న మాటకు సమానమైన పురుషవాచకం వాడుకలో లేదు. భాష నింద ఎవరిపై మోపిందో దీనివల్ల స్పష్టమవుతుంది. ఆదిపర్వం అలా చేయలేదు. కిందమ ముని శాపం వల్ల సంతానానికి దూరమైనవాడు భర్తయే. సంతానహీనునికి స్వర్గద్వారం లేదని కుమిలిపోతూ అతడు కుంతిని నియోగానికి ప్రేరేపిస్తాడు.

కుంతి వెంటనే అంగీకరించదు. పరపురుషుని మనసులోనైనా తలచనంటుంది. మృతుడైన భర్త వ్యుషితాశ్వుని వల్లనే బిడ్డలను పొందిన భద్ర కథ చెబుతుంది. ఆ కథ కేవలం పాతివ్రత్య దృష్టాంతం కాదు. తన దేహాన్ని పరిష్కారంగా మార్చవద్దన్న విన్నపం. పాండురాజు శ్వేతకేతు వృత్తాంతంతో, ధర్మశాస్త్రంతో బదులిస్తాడు. చివరకు తలపై చేతులు జోడించి ప్రాధేయపడతాడు. వాదం యాచనగా మారిన ఆ క్షణంలో రాజు కనిపించడు, సంతానం లేని మనిషి కనిపిస్తాడు. కుంతి దుర్వాసుని మంత్రం సంగతి చెబుతుంది. కర్ణుని సంగతి చెప్పదు.

నేటి చికిత్సలోనూ ఈ అమరిక మారలేదు. వీర్యకణాల లోపం ఉన్నప్పుడు చేసే ఇక్సీ పద్ధతిలో సైతం హార్మోన్ ఇంజెక్షన్లు, అండసేకరణ భార్య శరీరానికే తప్పవు. కారణం ఒకరిది, బాధ మరొకరిది అయినప్పుడు దంపతుల మధ్య మాట ఎంత కష్టమవుతుందో కుంతీపాండురాజుల సంభాషణ చూపుతుంది.

4. మాద్రి: అడగలేనితనం

మాద్రి తన మాట ఏకాంతంలో భర్తతో చెబుతుంది. గాంధారికి నూరుగురు కలిగారన్నందుకు బాధ లేదనీ, సమానురాలైన సవతికి పుత్రులుండగా తనకు లేకపోవడమే దుఃఖమనీ అంటుంది. సవతిని స్వయంగా అడగలేక భర్తను అడగమంటుంది. పాండురాజు జవాబు గమనింపదగినది: ఈ ఆలోచన తనకూ ఉన్నదట, ఆమె ఏమనుకుంటుందోనని అడగలేకపోయాడట. ఇద్దరూ ఒకే కోరికను ఒకరికొకరు తెలియకుండా మోశారు. గాంధారి మౌనం మాంసపిండంగా బయటపడింది. మాద్రి మౌనం మాటగా మారగలిగింది.

5. ముగింపు

ఈ కథలకు పరిమితి ఉంది. బిడ్డలు లేకుండానే దాంపత్యం సంపూర్ణం కావచ్చునన్న మార్గాన్ని ఇవి చూపవు. ప్రతి వేదనకూ పుత్రజననమే ముగింపు. అయినా ఆ ముగింపుకు ముందున్న అసూయ, సిగ్గు, యాచన, మౌనం వీటిలో నిజాయితీగా నమోదయ్యాయి. నేతికుండలను ప్రయోగశాలగా చదివితే మనకు మిగిలేది నిరూపించలేని గర్వం. గాంధారి భర్తకు తెలియకుండా ఎందుకు కడుపు మోదుకున్నదని అడిగితే, చికిత్సాలయాల్లో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోలేని దంపతులను అర్థం చేసుకునే దారి దొరుకుతుంది. తరగతి గదిలో ఆదిపర్వం బోధించేటప్పుడు మనం అడగవలసిన ప్రశ్న ఇదే.