వినపడని చోట బాణం గుర్తు

కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిలాంటి చోట వినికిడి పరీక్ష అయ్యాక చేతికొచ్చేది ఒక గళ్ల కాగితం, ఆడియోగ్రామ్. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా, నిలువుగా డెసిబెళ్లు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు.

ఒక్కో గుర్తు వెనుక బోలెడు ఓపిక ఉంది. శబ్దం వినపడి రోగి మీట నొక్కితే ఆడియాలజిస్టు 10 డెసిబెళ్లు తగ్గిస్తారు, నొక్కకపోతే 5 పెంచుతారు. పెంచుకుంటూ వచ్చిన మూడుసార్లలో రెండుసార్లయినా వినిపించిన అతి చిన్న శబ్దమే అక్కడి థ్రెషోల్డ్.

అన్ని హెర్ట్జ్‌ల దగ్గరా ఇలా కొలవరు. పక్కపక్క కొలతల మధ్య తేడా 20 డెసిబెళ్లకు తక్కువైతే 3000, 6000 లాంటివి వదిలేయడం మామూలే. తర్వాత లెక్కకు 3000 కావాల్సి వస్తే? 2000 దగ్గర 40, 4000 దగ్గర 55 ఉంటే సగటు 47.5. నిజానికి శ్రుతి రెట్టింపుల లెక్కన నడుస్తుంది కాబట్టి 3000 కాస్త 4000 వైపే ఉంటుంది; అలా చూస్తే 49కి కొంచెం తక్కువ. కొలతే 5 డెసిబెళ్ల మెట్లలో సాగేటప్పుడు ఈ తేడా పట్టించుకోదగ్గది కాదు. యంత్రాల హోరులో ఏళ్లు గడిపిన చెవి సంగతి వేరు. 4000 దగ్గర 35, 8000 దగ్గర 30 ఉన్నా, మధ్యలో 6000 దగ్గర 60 ఉండొచ్చు. సగటు ఆ గొయ్యిని పూడ్చేస్తుంది. అక్కడ మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టాల్సిందే.

రెండో రకం ఖాళీ నాకు ఇంకా నచ్చుతుంది. యంత్రం తన గరిష్ఠ శబ్దం ఇచ్చినా రోగి మీట నొక్కడు. అప్పుడు ఆ గరిష్ఠం దగ్గరే గుర్తు వేసి, కిందికి బాణం గీస్తారు. అసలు థ్రెషోల్డ్ ఇంకా కిందే, అంటే ఇంకా పెద్ద శబ్దం దగ్గరే ఎక్కడో ఉందని ఆ బాణం చెబుతుంది. వికలాంగ ధ్రువపత్రం, మన జనం మాటలో సదరం సర్టిఫికెట్, కావాలంటే మాత్రం అంకె తప్పదు. కేంద్రం 2018 మార్గదర్శకాల్లో 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల సగటు తీయమంది, స్పందన లేనిచోట 95 వేయమంది. ఒక చెవికి వరసగా 70, 80, 90, చివరిదానికి స్పందన లేదనుకుందాం. 95 వేస్తే సగటు 83.75. ఖాళీ వదిలి మూడింటికే తీస్తే 80. అన్నిటికన్నా దెబ్బతిన్న చోటును వదిలేసినందుకే చెవి బాగున్నట్టు తేలుతుంది!

ఇంకో జాగ్రత్త చూడండి. కొలిచిన గుర్తులను గీతతో కలుపుతారు, బాణమున్న గుర్తును కలపరు. 95 లెక్క వరకే పరిమితం, ఆడియోగ్రామ్ మీదికి ఎక్కదు. వినికిడి యంత్రం అమర్చేవారికైనా, కాక్లియర్ ఇంప్లాంట్ గురించి ఆలోచించే డాక్టరుకైనా చెవి విన్నదేదో, మనం లెక్కకట్టిందేదో విడివిడిగా తెలియాలి.