విడిచిపెట్టుటకై పెంచు విద్య

సంక్రాంతి గడచిన పిమ్మట కొన్ని వారములవఱకు అమీరుపేటలో మైత్రీవనము చుట్టునున్న వసతిగృహముల మేడలమీదను, మెట్రో స్తంభముల నడుమను, పంజాగుట్ట వీధులలోని చెట్లకొమ్మలందును తెగిన గాలిపటముల దారములు వ్రేలాడుచుండును. మాంసపుముక్కకై వాలవచ్చిన నల్లగద్ద వాని నెఱుంగక రెక్క చాచినంతనే, భుజమునకును మణికట్టునకును నడుమ పరచుకొన్న పలుచని చర్మము తెగిపోవును. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయాధికరణము 2017లో దేశమంతట నిషేధించినది. ఆ నిషేధము కాగితముపై నున్నంత గట్టిగా అంగళ్ళలో లేదనుట నగరవాసుల కెల్ల తెలిసినదే.

అట్టి పక్షిని బ్రతికించి మరల ఆకాశమున కప్పగించు విద్య క్రొత్తదిగా తోచునుగాని, దాని వేళ్ళు డేగవేటలో నున్నవి. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో శ్యేనవినోదమునకు ప్రత్యేక ప్రకరణమే కలదు. కుమాయూను ప్రభువగు రుద్రదేవుని శ్యైనికశాస్త్రము డేగల పోషణమును, వ్యాధులను, చికిత్సలను వివరించును. పక్షిని ముంజేతిపై నిలుపుకొనుటకై పుట్టిన ఉపాయములే నేడు దానిని వదలివేయుటకు సాధనములైనవి. విరిగిన ఈక మొదలులో సన్నని వెదురుపుల్లను దూర్చి, అదే జాతిపక్షి రాల్చిన ఈకను దానికి అతికించుట వానిలో నొకటి; క్రొత్త ఈక మొలచువఱకు నెలల తరబడి పంజరమున మ్రగ్గవలసిన గద్ద ఇందువలన త్వరలోనే ఎగురగలదు. ఎత్తైన మంచెమీద పిల్లలనుంచి, అవి స్వయముగా వేట నేర్చువఱకు ఆహారమందించుచు క్రమముగా స్వేచ్ఛ నిచ్చుట మఱియొకటి. డి.డి.టి. విషముచే అమెరికాలో క్షీణించిన పెరెగ్రిన్ డేగలను టామ్ కేడ్ ప్రభృతులు తిరిగి నిలబెట్టుటకు ఈ రెండవ పద్ధతియే మిక్కిలి తోడ్పడినది.

గాయపడినదాని నెత్తునపుడు గుడ్డ కప్పి ముందుగా కాళ్ళను పట్టుకొనవలెను. ముక్కు భయపెట్టును గాని చీల్చునవి గోళ్ళు. పిమ్మట గాలిరంధ్రములుగల అట్టపెట్టెలో, చీకటిలో, సద్దు లేనిచోట ఉంచవలెను. దప్పిగొన్నదని జాలిపడి నోట నీళ్ళు పోయుదురు; అవి ఊపిరిగొట్టములోనికి దిగి ప్రాణమే తీయవచ్చును. చుట్టుకొన్న దారమును లాగరాదు, కత్తిరింపవలెను. పక్షి ఎముకలు ఇంచుమించు మూడు వారములకే కూడుకొనును గనుక, కట్టు మఱికొన్నాళ్ళు ఎక్కువ ఉంచినచో ఎముక అతికియు కీలు బిగిసి రెక్క వృథాయగును. పంజాగుట్ట నిమ్స్ ఒకప్పుడు ఎముకల ఆసుపత్రిగానే ప్రసిద్ధము. అచటి రోగి కొంచెము కుంటుచు ఇల్లు చేరినను బ్రతుకు సాగునుగాని, రెక్క కుంటువడిన గద్దకు సాగదు.

తల్లిని బాసిన పిల్లల సంగతి ఇంకను సున్నితమైనది. గూటినుండి జారిన పిల్లకు గాయము లేనిచో వెదురుబుట్టలో నుంచి ఆ చెట్టుకే కట్టుట మేలు. మనుష్యస్పర్శ సోకినంతమాత్రమున తల్లి విడనాడునన్న ప్రతీతి నిజము కాదు. చేతనే పెంపవలసివచ్చినప్పుడు ముఖము చూపక, మాటాడక ఆహార మందింతురు; ఏలయన, తొలినాళ్ళలో తన్ను పోషించినవారినే పక్షిపిల్ల స్వజాతిగా భావించునని కన్రాడ్ లోరెంజ్ 1935లో సవిస్తరముగా నిరూపించెను. ఎముకలేని మాంసముతో పెరిగిన పిల్లల కాళ్ళు వంకరపోవును గనుక ఎలుకను ఎముకలతో, వెండ్రుకలతో సహా ఈయవలెను. జీర్ణముకానిదానిని అవి ఉండలుగా వెలిగ్రక్కును. పేరుపెట్టి ముద్దుచేసి, ఆ ముద్దును ఫోనులో చిత్రించి ఊరెల్ల చాటు వాత్సల్యము నాకు అనుమానాస్పదముగానే కనబడును; ఈ విద్యలో ప్రేమ యనగా చాలవఱకు దూరముగా నుండుటయే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఇట్టి ప్రాణిని అటవీశాఖకు తెలుపక ఇంట నుంచుకొనరాదు. నగరమున అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూక్రాస్ వంటి సంస్థల సాయమును కోరవచ్చును. విడుదలకు ముందు పొడవైన పంజరమున పక్షి ఇరువైపులకును సమముగా తిరుగుచున్నదా, పైకెగసి రొప్పక నిలువగలుగుచున్నదా యని పరీక్షింతురు. గద్దను ఉదయమున, గుడ్లగూబను సంధ్యవేళ వదలుదురు. సమీపముననే సుమారు 390 ఎకరముల కె.బి.ఆర్. ఉద్యానవనముండగా అచట వదలుటయే పుణ్యమని పలువురి ఊహ. కాని ఆ పచ్చదనము అప్పటికే అన్యపక్షుల స్వాధీనమున నుండును. అమీరుపేట గద్ద ఎఱిగిన మాంసపుటంగళ్ళు, రాత్రి వాలు కొమ్మ, జతగాడు ఇచటనే కలవు. కావున దొరికిన మేడ, వీధి, తేదీ మొదటిదినముననే అట్టపెట్టెమీద వ్రాసియుంచవలెను.