అశ్వధారలు: గతియా, వేగమా?

ప్రబంధములలో వాహ్యాళివర్ణనము వచ్చినచోట ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అను నైదు పేర్లు విద్యార్థికి ఎదురగును. అమరసింహుడు నామలింగానుశాసనమున క్షత్రియవర్గమునందు వీనిని అశ్వముల పంచధారలుగా పేర్కొనెను. ఈ పదములకు ‘అశ్వగతివిశేషము’ అని వ్రాసి విరమించుట టీకాకారులకు సుకరమైన మార్గము. పాఠము చెప్పువారు మఱియొక యడుగు వేసి, ఇవి క్రమముగా హెచ్చు వేగములని వివరించుటయు కలదు. ఈ వివరణము నిలుచునా? నిలువనిచో కావ్యవిమర్శకు కలుగు ఫలమేమి? ఈ రెండును ఇచ్చట విచార్యములు.

వేగతారతమ్యమే ధారలకు ప్రాణమైనచో కోశకారులందఱును ఒకే క్రమమును పాటింపవలసియుండును. అట్లు లేదు. అమరుడు ఆస్కందితముతో ఆరంభించి ప్లుతముతో ముగించెను. పండ్రెండవ శతాబ్దివాడగు హేమచంద్రుడు అభిధానచింతామణియందు ధోరితమును మొదట నిలిపి, ఆస్కందితమునకు పర్యాయమైన ఉత్తేరితమును కడపట నుంచెను. మధ్యవేగముతోడి గతి యని ఆయన చెప్పినది రేచితమునకు మాత్రమే. అది ఆయన వరుసలో నాల్గవది; దానికి ముందున్న ప్లుతము పక్షిమృగముల గతిని అనుకరించు లంఘనము. లంఘనమునకు పిదప మధ్యవేగము వచ్చు వరుసను వేగముయొక్క ఆరోహణక్రమమని చెప్పుట పొసగదు.

తక్కిన లక్షణములు ఇంతకంటె విశదముగా ఉన్నవి. ధోరితమును హేమచంద్రుడు ముంగిస, కంకపక్షి, నెమలి, వరాహము అను వాని నడకలతో పోల్చెను. ధాతుపాఠమున ‘ధోర్’ ధాతువునకు గతిచాతుర్యము అర్థముగా చెప్పబడియుండుటయు గమనింపదగినది. చాతుర్యము నేర్పునకు సంబంధించినది గాని వడికి సంబంధించినది గాదు. ఆస్కందితము కోపముచేత వలె నాలుగు పాదములతో ఎగిరి యెగిరి పోవుట. వల్గితమున ముందటి మేను పైకి లేచును, ముఖము లోనికి వంగును, పిరుదు క్రిందికి దిగును. గుఱ్ఱమును శిక్షించు విద్య తెలిసినవారికి ఈ మూడు గుర్తులును కలిసి ఒక్కటే స్థితిని సూచించును: కళ్లెమునకు లోబడి, దేహభారమును వెనుకకాళ్లపై మోపుకొని, ముందుభాగమును తేలిక పఱచుకొన్న అశ్వముయొక్క స్థితి. ఇది సహజమైన పరుగు గాదు. రౌతు చేతిలో అలవడిన విద్య.

నేటి అశ్వవిద్యలో గతి యనగా పాదములు నేలను తాకు క్రమము. నడకలో నాలుగు పాదములు వేఱువేఱుగా పడి నాలుగు తాళములు వినబడును. ట్రాట్ అను గతిలో ముందటి కాలొకటి, దానికి మూలగా ఉన్న వెనుకటి కాలొకటి జంటగా పడుటచే తాళములు రెండు, క్యాంటర్‌లో మూడు, గ్యాలప్‌లో మరల నాలుగు. ఇందును వేగము వేఱు, గతి వేఱు. ఐస్లాండు గుఱ్ఱముల ‘టోల్ట్’ అను గతి మెల్లని నడకవడినుండి పరుగువడివఱకు పాదక్రమము మాఱకయే సాగుట దీనికి నిదర్శనము.

అట్లని ధౌరితకమే ట్రాట్, ప్లుతమే గ్యాలప్ అని ఒకదాని కొకటి ముడివేయుటయు యుక్తము గాదు. మన కోశకారులు పాదక్రమమును లెక్కింపలేదు; వేగమున దానిని లెక్కించుట కంటికి సాధ్యమును కాదు. 1878లో కాలిఫోర్నియాయందలి పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా నిలిపిన కెమెరాలతో పరుగెత్తు గుఱ్ఱమును ఛాయాచిత్రములు తీసెను. అంతవఱకు యూరపు చిత్రకారులు అనేకులు నాలుగు కాళ్లును ముందు వెనుకలకు చాచి గాలిలో తేలు గుఱ్ఱమును చిత్రించుచుండిరి. గ్యాలప్‌లో నాలుగు పాదములు నేలను వీడు క్షణమున కాళ్లు కడుపు క్రిందికి ముడుచుకొనియుండునని ఆ చిత్రములు తేల్చెను. కంటికి అందనిదానిని విడిచి, అందిన మెడను, ముఖమును, పిరుదును హేమచంద్రుడు లక్షణముగా గ్రహించుట ఆయన లోపము గాదు, వివేకము.

ఇక తెలుగు కావ్యములకు వత్తము. మన కవులకు అశ్వజ్ఞానము కోశములనుండి మాత్రమే సంక్రమింపలేదు. మనుమంచిభట్టు హయలక్షణవిలాసము అశ్వశాస్త్రమును తెలుగు పద్యములలో నిబంధించినది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతియందు గుఱ్ఱములు దిగుమతి యగు రేవులను, వానిని తెచ్చు వర్తకులను రాజు ఆదరింపవలెనని బోధించెను. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, అలంకరించిన గుఱ్ఱములు బారులు తీరిన సేనాప్రదర్శనమును వర్ణించెను. ఇట్టి పరిసరములలో వెలసిన వాహ్యాళివర్ణనమును కోశమునుండి ఎత్తి వ్రాసిన పట్టికగా తోసిపుచ్చుట తొందరపాటు. ప్రతి వర్ణనమును ప్రత్యక్షదర్శనఫలమని పొగడుటయు అంతే.

ఈ రెంటి నడుమ విమర్శకునకు ఒక కొలత కావలెను. ధారల పేర్లు మాత్రమే వరుసగా వచ్చి, తుదకు గాలిని, మనస్సును మించిన వేగముతో పద్యము ముగిసినచో, ఆ కవి ధారను వేగముగానే తలచెనని, అది కోశపాండిత్యమని చెప్పవచ్చును. పేరు వెంట మెడ వంపు, కళ్లెపు బిగి, పిరుదు దిగుట, గిట్టల చప్పుడు వీనిలో నేదేని వచ్చినచో ఆ పద్యమును నిలిచి చదువవలెను. అచ్చట కవి గుఱ్ఱమును చూచినాడు, లేదా చూచినవానినుండి నేర్చినాడు. ప్లుతమునకు ‘అతివేగము’ అని టీక వ్రాసినచో ఈ భేదము విద్యార్థికి ఎన్నటికిని గోచరింపదు. కావున వాహ్యాళిపద్యములకు టీక వ్రాయువారు ధారాలక్షణమును పూర్తిగా తెలిపి, వేగప్రసక్తిని రేచితమునకు పరిమితము చేయుట మేలు.