ఇళ్లు కూల్చి ఊరు నిలిపినవారు

నేటి టోక్యోకు పూర్వనామం ఎడో. కొయ్యతో, కాగితంతో కట్టిన ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉండే ఆ నగరంలో 1657 నాటి మేయ్‌రేకి అగ్నిప్రమాదం లక్షమంది వరకు ప్రాణాలను బలిగొన్నదని చెబుతారు. ఆ తరువాత ఏర్పడిన సమురాయ్ దళాలు ప్రధానంగా కోటకు, ప్రభువుల భవనాలకు కాపలా కాశాయి గనుక, షోగన్ (సైనిక పాలకుడు) యోషిమునే కాలంలో నగర పాలనాధికారి ఓఒకా తదసుకే పేటల రక్షణను పేటలవారికే అప్పగించి, 1720లో ‘ఇ-రో-హ’ వర్ణమాల అక్షరాల పేర 47 దళాలను కూర్చాడు. వీటినే ‘మాచిబికేషి’ అంటారు, అంటే పేటల అగ్నిమాపక దళాలు.

ఈ దళాల ప్రతిభ అంతా కూల్చివేతలో ఉంది. ఆనాటి కొయ్య పంపు నీటిధార పెద్ద మంటను ఆర్పలేదు గనుక, గాలివాలును అంచనా కట్టి, నిప్పు ఇంకా చేరని ఇళ్లను ముందే నేలమట్టం చేసి, మంటకు మేత దొరకకుండా చేయడమే వారి పద్ధతి. దళసభ్యుల్లో అధికులు ‘తొబి’లు, అంటే పరంజాలు కట్టి ఇళ్లు నిలబెట్టే పనివారు. ఏ స్తంభాన్ని లాగితే ఏ కప్పు ఏ వైపు ఒరుగుతుందో కట్టిన చేతులకే తెలుసు. గద్దముక్కులా వంగిన ఇనుప కొక్కెం తగిలించిన ‘తొబిగుచి’ అనే పొడవాటి కర్రతో వారు గడియల్లో ఖాళీ జాగా తెరిచేవారు.

వారిలో అగ్రగణ్యుడు ‘మతోయి’ పట్టినవాడే. చివర దళచిహ్నం, దాని చుట్టూ తెల్లని పట్టీలు వేలాడే ఈ బరువైన ధ్వజాన్ని పట్టుకొని, మంట ఆగవలసిన చోట ఇంటికప్పు ఎక్కి, నిప్పురవ్వలు మీద పడుతున్నా కదలకుండా నిలబడేవాడు. అతడు నిలిచిన చోటును దాటి మంట ముందుకు పోరాదన్నది దళం ప్రతిష్ఠ. పొరలు పొరలుగా నూలు గుడ్డ చేర్చి దట్టంగా కుట్టిన ‘సషికో’ కోటును నీటిలో ముంచి తొడుక్కొనేవారు. దాని లోపలివైపు చిత్రించిన డ్రాగన్లు, వీరుల బొమ్మలు మంట చల్లారి కోటు తిరగేసినప్పుడే లోకానికి కనిపించేవి. నేడు సంతల్లో అమ్మే అచ్చుబొమ్మల పలుచని గుడ్డలకు ‘సషికో’ పేరు పెట్టడం ఆ సూదిపనికి అవమానం.

‘వో’ దళనాయకుడు షిన్‌మోన్ తత్సుగోరో చివరి షోగన్ యోషినోబు విశ్వాసాన్ని సంపాదించి, 1868లో ఒసాకా కోటలో మిగిలిపోయిన షోగన్ల బంగారు విసనకర్ర ధ్వజాన్ని ఎడోకు చేర్చాడు. ‘మె’ దళంవారు 1805లో సుమో మల్లులతో తలపడిన కథ కబుకి నాటకమై నిలిచింది. తగవులమారులన్న నింద వారిపై ఉన్నా, ఆ పొగరు లేనివాడు మండుతున్న పేటలో కప్పు మీద నిలబడలేడు.

వీరి వారసత్వం నేటి ‘శోబోదాన్’లకు సంక్రమించింది. ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటూ, స్వల్ప భత్యంతో, పిలుపు రాగానే పరుగెత్తే పౌరదళాలివి. 1995 భూకంపంలో అవాజి ద్వీపంలోని హొకుదాన్ పట్టణంలో ఈ సభ్యులు, ఇరుగుపొరుగువారు కలిసి శిథిలాల నుంచి సుమారు 300 మందిని బయటకు తీయగలిగారంటే, ఏ ఇంట్లో ఏ వృద్ధురాలు ఏ గదిలో పడుకుంటుందో వారికి ముందే తెలియడం వల్లనే. జీతానికి వచ్చే ఏ దళానికి ఆ ఎరుక ఉంటుంది? 2011 భూకంప సునామీలో 254 మంది సభ్యులు మరణించారు లేదా గల్లంతయ్యారు; వారిలో అనేకులు తీరపు గేట్లు మూస్తూ, జనాన్ని గట్టెక్కిస్తూ ప్రాణాలు కోల్పోయినవారే.

1950ల తొలినాళ్లలో 20 లక్షలు దాటిన సభ్యుల సంఖ్య 2022లో 8 లక్షల కిందికి దిగింది. పల్లెల్లో యువకులు తరిగిపోవడం ఒక కారణమైతే, అంతకన్న హేయమైనది ‘దయ్యపు సభ్యుల’ వ్యవహారం: పిలుపుకు ఎన్నడూ రానివారి పేర్లు జాబితాల్లో కొనసాగడం, ఆ భత్యం విందులకు, విహారాలకు ఖర్చు కావడం పత్రికలకెక్కింది. కప్పు మీద నిలిచినవారి పరంపరకు ఇంతకన్న నీచమైన నకలు మరొకటి లేదు. ఆ పేర్లన్నీ కొట్టివేసి, భత్యాన్ని నేరుగా సభ్యుడి చేతికే అందించి, యువతీ యువకులకు తలుపులు తెరవడం పట్టణ పాలకులు ఇక వాయిదా వేయకూడని పని.