గౌతమి ఎక్కి ప్రైడ్‌కి

సంక్రాంతికి హైదరాబాదు సగం ఖాళీ అయ్యి మా గోదావరి జిల్లాల మీద పడుతుంది. కాకినాడకీ నర్సాపురానికీ ఎన్ని స్పెషల్ రైళ్ళు వేసినా చాలవు. బాత్రూముల పక్కన దుప్పట్లు పరుచుకుని వస్తారు జనం. ఆ మూడు రోజులూ పెళ్ళికాని మగాడు ఎక్కడ కనిపించినా ఒకటే మాట. "ఏం బాబూ, పప్పన్నం ఎప్పుడు పెడుతున్నావ్?" పెద్దమ్మ అరిసెలు వత్తుతూ అడుగుతుంది. కోడిపందాల బరి దగ్గర ముక్కూ మొహం తెలియని మనిషీ అడుగుతాడు. నేను గేని. ఏదో ఒక ఆడపిల్లని చేసుకుని ఆమె బతుకు పాడుచెయ్యలేను, మగవాణ్ణి చేసుకుంటానంటే పెద్దమ్మ తట్టుకోలేదు. "చూద్దాం పెద్దమ్మా" అనేసి ఇంకో అరిసె తీసుకుంటాను. పండగ జనమంతా తిరిగెళ్ళిపోయి, రిజర్వేషన్లు మళ్ళీ దొరకడం మొదలయ్యాక గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. హైదరాబాద్ ప్రైడ్‌కి, మాలాంటివాళ్ళ నడకకి.

చాలా దేశాల్లో ప్రైడ్‌ని జూన్‌లో చేస్తారు. 1969 జూన్ 28న న్యూయార్క్‌లో గేలు చేరే స్టోన్‌వాల్ అనే బార్ మీద పోలీసులు దాడి చేస్తే జనం తిరగబడ్డారు, మరుసటేడు అదే రోజుల్లో ఊరేగింపు తీశారు, అక్కణ్ణించీ ఆనవాయితీ అయింది. మన దేశంలో మొదటి నడక 1999 జూలై 2న కలకత్తాలో. నడిచింది పదిహేను మంది. 2008లో ఢిల్లీ, బెంగళూరు, ఆ మరుసటేడు చెన్నై, 2013 ఫిబ్రవరిలో హైదరాబాదు. ఢిల్లీ వాళ్ళు మొదట జూన్‌లోనే నడిచి తర్వాత నవంబరుకి మార్చుకున్నారు. రోహిణి కార్తె ఎండల గురించి తెలిసినవాడెవడూ వాళ్ళని తప్పుపట్టడు. హైదరాబాదులోనూ ఎక్కువగా చలికాలమే. నాకదే వీలు, సంక్రాంతి ప్రశ్నల సలుపు తగ్గకముందే బయల్దేరొచ్చు.

హైదరాబాదులో తొలి నడక జరిగిన ఏడాదే, డిసెంబరు 11న, మా సంబంధాల్ని నేరంగా చూసే 377వ సెక్షన్‌ని సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. అంతకుముందు 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరట నాలుగేళ్ళకే పోయింది. సుప్రీంకోర్టే ఆ తీర్పుని మార్చుకున్న 2018 సెప్టెంబరు 6 దాకా చట్టం కళ్ళకి మేమంతా నేరస్తులమే. అయినా నడక ఆగలేదు.

ఈ ప్రయాణానికీ ఒక పనితనం కావాలి. ఇంట్లో చెప్పే అబద్ధం మళ్ళీ ఎవరూ ఆరా తీయలేనిదై ఉండాలి. పెళ్ళి అంటే శుభలేఖ అడుగుతారు, ఆఫీసు పని అంటే ఎవరూ అడగరు. రంగుల కుర్తా సంచి అడుగున, పైన మామూలు చొక్కాలు. మొదట్లో మొహానికి మాస్కు పెట్టుకునేవాణ్ణి, టీవీ కెమెరాలకి భయపడి. బస సంగతి మాత్రం తమాషా. పెళ్ళికాని ఆడా మగా వెళ్తే సవాలక్ష ప్రశ్నలు వేసే లాడ్జి గుమాస్తా, ఇద్దరు మగాళ్ళు డబుల్ రూమ్ అడిగితే తలెత్తి కూడా చూడడు. నాతో వచ్చే ట్రాన్స్ స్నేహితురాలికి ఆ సుఖం లేదు. ఆధార్‌లో ఒక పేరు, ఎదుట ఇంకో మనిషి. తాళం చెవి చేతికొచ్చేలోపు ఆమె జీవితచరిత్ర మొత్తం కౌంటర్ దగ్గరే చెప్పించుకుంటారు.

అట్ట మీద నినాదం రాయడం ఇంకో విద్య. నడకలో ఎక్కువ అట్టలు ఇంగ్లీషులోనే ఉంటాయి. పక్కన సిటీ బస్సులో వెళ్ళేవాళ్ళు తెలుగువాళ్ళు కదా, వాళ్ళకోసం నేను తెలుగులో రాస్తాను. మన అక్షరాలు గుండ్రం, సన్న పెన్నుతో రాస్తే నాలుగు గజాల అవతల సున్నాల వరసలా కనిపిస్తాయి. కుంచె కావాలి, వత్తులకి కింద బోలెడు చోటు వదలాలి, మూడు మాటలు దాటకూడదు. చాలా ఆలోచించి నేను రాసుకున్నది "మాదీ కోనసీమే". హక్కులు, రాజ్యాంగం రాసేవాళ్ళు ఎటూ ఉన్నారు.

ఒకసారి నడక అయ్యాక టిఫిన్ బండి దగ్గర ఆగాం. బండాయన అట్ట చదివి, "ఆయ్! కోనసీమలో ఏ ఊరండీ?" అన్నాడు. అంబాజీపేట దగ్గరన్నాను. ఆయనది మండపేటట. చట్నీ ఇంకాస్త వేశాడు. ఆ తర్వాత ప్రశ్న ఏమొస్తుందో గోదావరి వాడికెవడికైనా తెలుసు: "ఎవరబ్బాయండీ?" నేను నీళ్ళు తాగుతూ ఊరుకున్నాను. ఆయనా రెట్టించలేదు.

హైదరాబాదు మమ్మల్ని నెత్తిన పెట్టుకుందని నేననను. మా గోదావరి వాడెవడో ఎదురుపడితే తప్ప ఎవరబ్బాయివి అని అడగదు, అంతే. మా ఊళ్ళ నుంచి వెళ్ళినవాడికి అదే పెద్ద వరం. కానీ ఆ ప్రశ్నకి తలెత్తుకుని మా నాన్న పేరు చెప్పలేనంతకాలం నా ప్రైడ్‌లో ఎంతో కొంత కొరతే. ఈ కాలమ్ కూడా మారుపేరుతోనే రాస్తున్నాను మరి.

మాలాంటివాళ్ళని ఆదరించే నగరాలంటూ ట్రావెల్ కంపెనీలు జాబితాలు వేస్తుంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కో, ఆమ్‌స్టర్‌డామ్, తైపే, బ్యాంకాక్. నిజమే, తైవాన్‌లో 2019 నుంచి, థాయ్‌లాండ్‌లో 2025 జనవరి నుంచి ఇద్దరు మగవాళ్ళు చట్టప్రకారం పెళ్ళి చేసుకోవచ్చు. కానీ మా కోనసీమ పాస్‌పోర్టుల మీద పడే ముద్రలు ఎక్కువగా కువైట్, దుబాయ్, మస్కట్‌లవి. కువైట్‌లో మగవాళ్ళ మధ్య సంబంధం జైలుకి పంపే నేరం. వంట పనికో డ్రైవరు పనికో వెళ్ళేవాడు నగరాన్ని ఎంచుకోడు, వీసా వచ్చిన చోటికి వెళ్తాడు. చెన్నై, హైదరాబాదులే మాకు తైపేలు. ఆ హైదరాబాదు నుంచే సుప్రియో, అభయ్ అనే ఇద్దరు తమ పెళ్ళి గుర్తించమని సుప్రీంకోర్టుకెళ్ళారు. 2023 అక్టోబరు 17న కోర్టు కాదంది.

ప్రైడ్ అన్న పేరు ఇక్కడికి రాకముందే ఇలా కదిలి వెళ్ళినవాళ్ళు మా హిజ్రా అక్కలు. తమిళనాట కళ్ళకురిచ్చి జిల్లా కూవాగంలో ఏటా తమిళుల చిత్తిరై నెలలో కూత్తాండవర్ గుడి దగ్గర, భారత యుద్ధంలో బలైన అరవానుడి పేర తాళి కట్టించుకుంటారు, మర్నాడు తెంపేసుకుని ఏడుస్తారు. మన ఆంధ్ర నుంచీ వెళ్తారు. వాళ్ళకి దాచుకోవడానికి ఏ మాస్కూ లేదు, రైల్లో ప్రతి చూపునీ ఎదుర్కొంటూనే పోవాలి. ధైర్యం గురించి ఎవరైనా మాట్లాడితే నాకు వాళ్ళే గుర్తొస్తారు, నడకలో ముందు వరసలో ఫొటో దిగే మాలాంటివాళ్ళు కాదు.

2027లో గోదావరి పుష్కరాలు. దేశం నలుమూలల నుంచీ వచ్చే జనంలో వాళ్ళూ రాజమండ్రి వస్తారు, కోటిలింగాల రేవులో మునుగుతారు. మర్యాదకి పేరున్న జిల్లాలవాళ్ళం కదా, రెండు చిన్న పనులు అడుగుతాను. ఘాట్ల దగ్గర బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఎలా ఉండాలో నిర్ణయించే సమావేశాలకి మన ఊరి ట్రాన్స్ మహిళల్ని కూడా పిలవండి, వాళ్ళనడిగే కట్టండి. లాడ్జీల యజమానులకి ఇంకో మాట. 2019 చట్టం ప్రకారం జిల్లా అధికారులు ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు ఒకటుంది.  ఆ కార్డు చూపిస్తే కథలు అడక్కుండా తాళం చెవి ఇవ్వండి.