కుర్చీ ఎవరిది?

కిందటేడు ఒక కుర్చీ చేయించాలని సరదా పుట్టింది నాకు. పాత ఇంగ్లీషు కుర్చీల పుస్తకంలో ఒక బొమ్మ చూపించి, "అచ్చు ఇలాగే ఉండాలి ఆచారిగారూ!" అన్నాను. నెల తిరిగాక కుర్చీ వచ్చింది. వీపు మీద నగిషీ బొమ్మలో ఉన్నట్టే ఉంది గానీ, కూర్చునే చోటు మాత్రం బెత్తెడు వెడల్పు ఎక్కువ. ఇదేమిటని అడిగితే, "బొమ్మలో ఎవరూ కూర్చోరు కదమ్మా! మీ అత్తగారేమో బాసింపట్టు వేసుకుని గాని కూర్చోరాయె" అన్నారు.

ఆ మాట విన్నాక పుస్తకం మళ్ళీ తిరగేశాను.

బొమ్మ థామస్ చిప్పెండేల్‌ది. యార్క్‌షైర్‌లో పుట్టి లండన్‌లో దుకాణం పెట్టిన వడ్రంగి. 1754లో తన నమూనాలను పెద్ద పుస్తకంగా అచ్చు వేయించాడు. రిబ్బన్లు ముడివేసినట్టుండే కుర్చీ వీపుల గురించి, ఇంత అందమైనవి తానెక్కడా చూడలేదని తనే రాసుకున్నాడు. మన రచయితలం అలాంటి ముక్క ఇంకొకరి చేత రాయించుకుంటాం. ఆయనకా మొహమాటం లేదు!

తమాషా ఏమిటంటే, ఆ పుస్తకంలో సగం సొగసు అరువుదే. వంపులు ఫ్రాన్సువి, అల్లిక చట్రాలు చైనావి, కోసుదేరిన కమానులు పాతకాలపు చర్చీలవి. 1762లో ఆ పుస్తకం ఫ్రెంచిలో కూడా వెలువడింది. అంటే ఫ్రాన్సు వంపుల్ని ఫ్రెంచివాళ్ళకే తిరిగి చూపించాడన్నమాట. అత్తసొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే!

ఆ తరువాత యూరప్ అంతా ఇంగ్లీషు కుర్చీని కాపీ కొట్టిందని రాస్తూంటారు. నాకు ఆ మాట నచ్చదు. పోర్చుగల్ కుర్చీ చూడండి. వీపు చిప్పెండేల్‌దే కావచ్చు. కానీ కర్ర బ్రెజిల్ నుంచి ఓడల్లో దిగిన నల్లచేవ కర్ర. వీపు ఎత్తు, చెక్కడం దట్టం, మనిషి బరువు. పక్కింటావిడ దగ్గర చీర అంచు చూసి నేయించుకున్నా, కట్టు మనదే అయినట్టు!

ఇంకో విడ్డూరం. థామస్ షెరటన్ అనే ఆయన పుస్తకం 1794లోనే జర్మనీలో, లైప్జిగ్‌లో అనువాదమైంది. ఆయన చేత్తో చేసినదని గట్టిగా చెప్పగల కుర్చీ ఒక్కటీ లేదు. 1806లో పేదరికంలోనే పోయాడు. జార్జ్ హెపిల్‌వైట్ కథా అంతే. డాలు ఆకారపు కుర్చీ వీపులకు ఆయన పేరే చెబుతారు. కానీ ఆయన 1786లోనే పోయాడు. రెండేళ్ళకి, దాదాపు 300 నమూనాలతో ఆ పుస్తకం బయటికి తెచ్చింది ఆయన భార్య ఆలిస్. ఆ పుస్తకమే లేకపోతే హెపిల్‌వైట్ పేరు ఈనాడు ఎవరికి తెలిసేది? అయినా మొదటి పేజీలో ఆవిడకి దక్కింది ఒక్క అక్షరం, 'ఎ'. అంతే!

ఈ శైలుల చరిత్రతో నా పేచీ ఇక్కడే. బొమ్మ గీసినవాడి పేరు నిలిచింది. ఆ బొమ్మని కుర్చీ చేసిన చేతుల పేరు పోయింది, అచ్చు వేయించిన ఆడదాని పేరు పొట్టిదైంది. మన విశాఖపట్నం పనివాళ్ళూ ఆ రోజుల్లోనే ఇంగ్లీషు నమూనా కుర్చీలకు ఏనుగుదంతం పొదిగారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయవి. వాటికి ఊరి పేరుంది. చేసినవాళ్ళ పేరే లేదు.

మా అత్తగారు కొత్త కుర్చీలో హాయిగా బాసింపట్టు వేసుకుని, "బావుందే అమ్మాయీ, ఎవరు చేశారు?" అన్నారు.

"ఆచారిగారు" అన్నాను. చిప్పెండేల్ ఊసు ఎత్తలేదు.